నాకూ అలాగే వాచింది

ఉడుపి చేపల మార్కెట్టులో వారిజ, అప్పి ముప్పై ఒక్క ఏళ్లు పక్కపక్కనే కూర్చుని చేపలమ్మారు. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. తెల్లవారుతూనే మల్పె రేవులో గంపలు నింపుకుని ఒకే బస్సెక్కేవారు. ఒకే గోనెపట్టాను రెండుగా చింపి చెరో ముక్కా పరుచుకునేవారు. తీరా కొనేవాళ్లు వచ్చి నిలబడ్డారంటే చాలు, ఇద్దరికీ బద్ధవైరం.

"ఆవిడ బంగుడ చేపల జోలికి పోకమ్మా, వాటికి మొన్ననే దినం కూడా పెట్టేశారు" అనేది వారిజ.

"అవునమ్మా, ఈవిడవి ఇంకా ఈత కొడుతున్నాయి. కావాలంటే వల తెచ్చుకుని పట్టుకో" అనేది అప్పి.

కొనేవాళ్లు నవ్వుకుని ఇద్దరి దగ్గరా చెరో నాలుగు కొనేవారు. ఎండ నెత్తిమీదికొచ్చి గంపలు ఖాళీ అయ్యాక, అప్పి తెచ్చిన గంజి డబ్బాలో వారిజ తెచ్చిన ఎండు రొయ్యల పచ్చడి కలుపుకుని ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవారు.

మోకాళ్లు మొదట పోయింది వారిజకి. పదిహేనో ఏట నుంచీ నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆ తర్వాత మార్కెట్టులో పొద్దుటి నుంచి మూడింటి దాకా గొంతుకూర్చోవడం. అరవై దాటేసరికి ఎడమకాలు విల్లులా బయటికి వంగిపోయింది. బస్సు మెట్టెక్కాలంటే రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. వెనకనుంచి అప్పి తోసేది. తోస్తూ, "బస్సులో చేపలు ఎక్కించొచ్చు గానీ తిమింగలాల్ని ఎక్కించకూడదని కండక్టరు చెప్పలేదా వారిజక్కా?" అనేది. బస్సంతా నవ్వేది. వారిజ కూడా నవ్వేది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా.

ఆసుపత్రిలో డాక్టరు ఉపాధ్య ఎక్స్‌రే పట్టుకుని చూపించాడు. రెండు ఎముకల మధ్య ఉండవలసిన మెత్తటి పొర పూర్తిగా అరిగిపోయింది. ఎముక మీద ఎముక రాసుకుంటోంది. "అరిగిన చివరలు కోసేసి లోహపు తొడుగులు వేస్తాం. పుచ్చిన పన్నుకి తొడుగు వేస్తారు చూడు, అలాగే. మధ్యలో గట్టి ప్లాస్టిక్కు బిళ్ల పెడతాం. నొప్పి పోతుంది. కానీ మళ్లీ గొంతుకూర్చోవడం కుదరదు, నేలమీద బాసింపట్టు వేయడం కుదరదు" అన్నాడు.

"మరి చేపలెలా అమ్మాలి?" అంది వారిజ.

"స్టూలు వేసుకుని అమ్ము."

ఆ జనవరిలో ఆపరేషన్ అయింది. నడుము దగ్గర ఇంజెక్షన్ ఇచ్చాక కింది సగం తనది కానట్టే అయిపోయింది. కానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. రంపం చప్పుడు, సుత్తి దెబ్బలు వినబడుతుంటే రేవులో పడవ చేస్తున్నట్టుగా ఉందని తర్వాత అప్పికి చెప్పింది. మర్నాడే లేపి నిలబెట్టారు. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా పది అడుగులు వేసేసరికి ప్రాణం పోయివచ్చినట్టయింది.

అసలు నరకం ఇంటికొచ్చాక మొదలైంది. వారిజ పెళ్లి చేసుకోలేదు. పుట్టినింట్లోనే, తమ్ముడి కుటుంబంతో ఉంటుంది. మరదలు మంచిదే గానీ మెత్తని మనిషి. వారిజ "అమ్మో" అనగానే కాలు వదిలేసేది. ఆసుపత్రి నుంచి రోజు విడిచి రోజు లవీనా అనే అమ్మాయి వచ్చి వ్యాయామాలు చేయించేది. కాలు చాపి మోకాలిని మంచానికి అదమాలి, మడమను వెనక్కి జరుపుతూ మోకాలు వంచాలి. ఆరు వారాల్లోగా తొంభై డిగ్రీలు వంగకపోతే లోపల కండ గట్టిపడి కాలు కర్రలా ఉండిపోతుందని లవీనా హెచ్చరించింది. వారిజ కాలు అరవై దగ్గర మొరాయించింది.

అప్పుడు అప్పి రంగంలోకి దిగింది. రోజూ మార్కెట్టు అవగానే చేపల వాసనతోనే వచ్చి మంచం పక్కన కూర్చునేది.

"వంచు."

"చస్తానే తల్లీ."

"చావు. వంచి చావు. నలభై కిలోల గంప మోసిన మనిషివి, నీ కాలు నువ్వు మోసుకోలేవా?"

"నీకు లోపల ఇనుము పెడితే తెలిసేది."

"నాకు పెట్టినప్పుడు నువ్వొచ్చి తిట్టు. ఇప్పుడు వంచు. లవీనమ్మా, ఇంకాస్త నొక్కు, ఏం కాదు, ఈవిడ అరుపులకి సముద్రంలో చేపలు కూడా బెదరవు."

వారిజ నానా మాటలూ తిట్టేది. తిడుతూనే వంచేది. కాలంతా ఉబ్బిపోయి, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడేది. రెండో వారంలో పిక్క కూడా వాచింది. లవీనా చూసి, ఆసుపత్రికి ఫోటో పంపి, పరీక్ష చేయించింది. ఏమీ లేదన్నారు. కాలెత్తి దిండుమీద పెట్టుకో, నెమ్మదిగా తగ్గుతుందన్నారు. తగ్గింది. నలభై రెండో రోజున మోకాలు తొంభై అయిదు డిగ్రీలు వంగింది. అప్పి ఆ రోజు లవీనాకి అరడజను బంగుడలు కట్టి ఇచ్చి, వారిజ వైపు చూడకుండా ముక్కు చీదుకుంటూ వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో వారిజ మళ్లీ మార్కెట్టుకొచ్చింది. ఎర్ర ప్లాస్టిక్కు స్టూలు మీద కూర్చుంటే, కింద గోనెపట్టా మీద గొంతుకూర్చున్న అప్పి ఆమె భుజం దాకా కూడా రాలేదు.

"మహారాణీ, కింద ప్రజలున్నారు, కాస్త చూసి ఉమ్ము" అనేది అప్పి.

వారిజకి అది మాత్రం నవ్వు తెప్పించలేదు. మాట్లాడాలంటే వంగాలి. డబ్బాలో గంజి కలిసి తినాలంటే ఒకరు పైన, ఒకరు కింద. అప్పి మోకాళ్లు కూడా అప్పటికే సగం పోయాయి. లేచేటప్పుడు ముందు రెండు చేతులూ నేలకి ఆనించి, పిర్రలు పైకెత్తి, ఆ తర్వాత గోడ పట్టుకుని నిలబడేది. అది చూసినప్పుడల్లా వారిజ ఆమె చెవిలో జోరీగలా పోరేది. "నువ్వూ చేయించుకోవే. నన్ను చూడు. మెట్లెక్కుతున్నానా లేదా? రాత్రిళ్లు నిద్రపోతున్నానా లేదా?"

"నీకు బాగైందని నాకూ బాగవుతుందా? ఒకే వలలో పడ్డ చేపలన్నీ ఒకటేనా?"

"నేనున్నాను కదే."

చివరికి నవంబరులో అప్పి ఒప్పుకుంది. కూతురు శశికళనీ వారిజనీ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. శశికళ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మొగుడు లోతు సముద్రపు బోటులో పనిచేస్తాడు, వెళితే పది పన్నెండు రోజులకి గానీ ఒడ్డుకి రాడు. తల్లీ కూతుళ్లూ, శశికళ పిల్లలూ ఒకే ఇంట్లో ఉంటారు.

డాక్టరు ఉపాధ్య అప్పి చీర కాస్త పైకి జరిపించి పిక్కలు చూశాడు. నీలంగా ఉబ్బిన నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. ఆయన అన్నీ విడమరిచి చెప్పాడు. వందమందిలో ఒకరిద్దరికి లోపల చీము పట్టొచ్చు, అప్పుడు మళ్లీ కోయాల్సి రావచ్చు. కొందరికి కాలు బిగుసుకుపోతుంది. కొందరికి కాలి నరంలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. "అది చాలా అరుదు. రాకుండా మాత్రలిస్తాను. అయినా నీ నరాలు చూస్తే కాస్త జాగ్రత్తగా ఉండాలనిపిస్తోంది. నిర్ణయం నీదే, నేను తొందరపెట్టను" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చుని అప్పి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మనిషి అంతసేపు నోరు మూసుకోవడం వారిజ అదివరకు చూడలేదు.

"అక్కా, నాకు భయంగా ఉంది" అంది చివరికి.

"నాకూ భయమేసింది. అందరికీ వేస్తుంది."

"నువ్వు చెప్పు. చేయించుకో అంటే చేయించుకుంటాను. వద్దంటే ఇటునించి ఇటే బస్సెక్కుతాను."

వారిజ ఆమె మోకాలి మీద చేయి వేసింది. "చేయించుకో" అంది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడు అప్పి లేచి తలుపు దాటి వరండా చివరి దాకా నడిచి, పక్క మంచాలవాళ్లందరినీ పలకరించి వచ్చింది. "వారిజక్క పది అడుగులకే ఏడ్చింది. రాసుకోండి, నేను నలభై వేశాను" అని నర్సులకి చెప్పింది. అయిదో రోజున ఇంటికి పంపించారు. పంపేటప్పుడు మాత్రల పొట్లాలతోపాటు ఒక కాగితం ఇచ్చారు. ఏమేం చేయాలో, ఏవి కనిపిస్తే వెంటనే రావాలో దానిమీద కన్నడంలో వరసగా అచ్చువేసి ఉంది. వారిజకి కూడా అలాంటి కాగితమే ఇచ్చారు. చదువు రాని ఆమె దాన్ని ఎవరిచేతా చదివించుకోలేదు.

ఈసారి వారిజ వంతు. మార్కెట్టు అవగానే వెళ్లి అప్పి మంచం పక్కన కుర్చీ వేసుకునేది. అప్పి కాలు తేలిగ్గా వంగింది. పదో రోజుకే ఎనభై దాటింది. మాత్రలు వేళకి శశికళ తానే చేతిలో పోసి మింగించేది. ఒక్కటి కూడా మానలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం వారిజ వెళ్లేసరికి శశికళ బయటికి వెళ్లే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పీక్కుపోయి ఉంది.

"పెద్దమ్మా, వచ్చావా. అమ్మ కాలు ఒకసారి చూడు."

అప్పి మంచం మీద కాలు చాపుకుని ఉంది. పిక్క వాచి నిగనిగలాడుతోంది. వారిజ చేత్తో తడిమింది. కాస్త వేడిగా, బిర్రుగా ఉంది.

"నొప్పిగా ఉందా?"

"వెనకవైపు పట్టేసినట్టుగా ఉందక్కా. నిన్నటి నుంచి" అంది అప్పి. "ఇదేమో ఆసుపత్రి ఆసుపత్రి అంటోంది. నేనన్నాను, వారిజక్కని రానీ, ఆవిడకి తెలుసు అని."

ఆవిడకి తెలుసు. ఆ మాటకి వారిజ మనసు కొంచెం ఉప్పొంగింది. ఈ దారి తాను ముందు నడిచింది మరి. ఏ రాయి ఎక్కడుందో తనకి తెలుసు.

"నాకూ అలాగే వాచింది" అంది. "రెండో వారంలోనే. పరుగెత్తి పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. దిండు పెట్టి కాలెత్తి పడుకో, అదే తగ్గుతుంది. పదే పదే ఆటోలో కుదుపులెందుకు?"

"చూశావా?" అంది అప్పి కూతురితో.

శశికళ ఫోను పట్టుకుని లోపలికి వెళ్లింది. వారిజ రెండు దిండ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి అప్పి కాలు వాటిమీదికి ఎత్తింది. తర్వాత ఇద్దరూ టీ తాగారు. మార్కెట్టులో అప్పి చోట్లో కూర్చున్న కొత్త పిల్ల తూకం రాళ్లు ఎలా తప్పు పట్టుకుంటుందో వారిజ చేసి చూపిస్తే అప్పి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ మధ్యలో ఆగి, "ఆయాసంగా ఉందక్కా" అంది. ఎక్కువ నవ్వావు మరి, అంది వారిజ.

మర్నాడు పొద్దున అప్పి స్నానాల గది నుంచి ఊతకర్ర పట్టుకుని వస్తూ నడవలో ఆగింది. గుండెమీద చేయి వేసుకుని "శశీ" అంది. అంతే, కూలిపోయింది. శశికళ అరుపులకి చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఆటోలో వేసుకుని వెళ్లారు. దారిలోనే పోయింది. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడిందని ఆసుపత్రిలో చెప్పారు.

వారిజకి మార్కెట్టులో ఉండగా ఫోనొచ్చింది. స్టూలు మీంచి లేచింది. గంప, కత్తిపీట, ఐసు, అన్నీ అక్కడే వదిలేసి నడిచింది. బస్సు మెట్టు ఎప్పుడెక్కిందో, ఎప్పుడు దిగిందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తురాలేదు. కాలు నొప్పి పెట్టలేదన్నది మాత్రం గుర్తుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన కాలిమీద తనకే అసహ్యం వేసేది.

చితి వెలిగించే వేళకి శశికళ మొగుడు ఇంకా సముద్రంలోనే ఉన్నాడు. ఆడవాళ్లందరూ ఏడ్చారు. వారిజ ఏడవలేదు. చెక్కబొమ్మలా నిలబడింది. ముప్పై ఏళ్ల జోడు కదా, దుఃఖం గడ్డకట్టుకుపోయింది పాపం, అనుకున్నారు చూసినవాళ్లు.

అప్పి పెద్దకర్మ అయిన మర్నాడు వారిజ తన ఇంట్లో ట్రంకుపెట్టె అడుగునుంచి పాత మందుల సంచీ తీసింది. అందులో కాగితం మడతలు విప్పకుండానే ఉంది. మరదల్ని పిలిచి చదవమంది. మరదలు కూడబలుక్కుంటూ చదివింది. పిక్క ఒకవైపే వాచినా, గట్టిపడి వేడిగా ఉన్నా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. వారిజ ఆ ముక్క మళ్లీ చదవమంది. మళ్లీ. మూడోసారి చదువుతూ మరదలు తలెత్తి చూసి, "ఏమైంది వదినా?" అని భయపడిపోయింది.

వారిజ ఆ కాగితం పట్టుకుని డాక్టరు ఉపాధ్య దగ్గరికి వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు.

"ఆ రోజే తీసుకొస్తే బతికేదా సారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "బతికి ఉండొచ్చు. స్కానింగు చేసి మందు పెంచేవాణ్ణి. మందు పెంచినా పోయినవాళ్లున్నారు. మాత్రలు సరిగ్గా వేసుకున్నా ఆవిడకి వచ్చింది కదా. కచ్చితంగా చెప్పమంటే చెప్పలేను. వాపు అందరికీ వస్తుంది. ఏది మామూలు వాపో, ఏది కాదో మేమే పరీక్ష లేకుండా చెప్పలేం. నువ్వెలా చెప్పగలవు?"

"చెప్పాను కదా" అంది వారిజ. "చెప్పలేనిది చెప్పాను."

ఆయన బల్లమీది కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

శశికళకి చెప్పడానికి ఆమెకి ఇంకో నెల పట్టింది. ప్రతి రోజూ బయల్దేరేది. బొబ్బర్య దైవం గుడి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేది. ఒక ఆదివారం మాత్రం ఆగకుండా నడిచింది. శశికళ కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు అతుకుతోంది. వారిజని చూసి కుర్చీ జరిపింది, మిషను మాత్రం ఆపలేదు.

"శశీ, మీ అమ్మని చంపింది నేనే."

మిషను ఆగింది.

"ఆసుపత్రికి తీసుకెళతానన్నావు. నేనడ్డుపడ్డాను. నాకూ అలాగే వాచిందన్నాను. కాగితంలో రాసి ఉందే తల్లీ. అన్నీ రాసి ఉన్నాయి. నేను చదవలేదు. చదువు రాని ముండని, అన్నీ తెలిసినట్టు..."

శశికళ సూదికింద ఇరుక్కున్న గుడ్డని మెల్లగా లాగింది.

"నేను చదివాను" అంది.

వారిజకి అర్థం కాలేదు.

"ఆ కాగితం నేను చదివాను పెద్దమ్మా. ఆ రోజు పొద్దున్నే చదివాను. పిక్క సంగతి చూశాను. చీర కట్టుకున్నాను, ఆటోకి ఫోన్ చేశాను. వస్తున్నానన్నాడు. అమ్మ రానంటే రానని మొండికేసింది, నువ్వు చెబితే గానీ కదలనంది. నువ్వొచ్చి అలా అన్నావు." ఆమె గుడ్డనే చూస్తూ మాట్లాడుతోంది. "నువ్వలా అనగానే నాకెంత హాయిగా అనిపించిందో తెలుసా? ఆయన ఇంట్లో లేడు. పిల్లలకి పరీక్షలు. పదిరోజులుగా నిద్ర లేదు. మళ్లీ ఆ ఆసుపత్రి, ఆ మంచం, ఆ వరండాలో పడిగాపులు... అవన్నీ తప్పాయి అనుకున్నాను. లోపలికెళ్లి ఆటోవాడికి ఫోన్ చేసి వద్దన్నాను. నాకు చదువొచ్చు పెద్దమ్మా. నేను చదివి కూడా నీ మాట పట్టుకున్నాను. నాకప్పుడు ఆ మాటే కావాలి, అందుకని."

కిటికీలోంచి వచ్చే గాలికి దారపు ముక్కలు నేలమీద కదులుతున్నాయి. వారిజ తనకి తిట్లు పడతాయనుకుంది. తలుపు మొహాన మూస్తారనుకుంది. ఆ రెండూ వచ్చి ఉంటే మోయగలిగేది. ఈ పిల్ల ఇన్నాళ్లుగా ఒంటరిగా దీన్ని మోస్తోందని మాత్రం ఆమె అనుకోలేదు.

"నీ తప్పు కాదే" అంది, చేయి చాస్తూ.

శశికళ చేయి వెనక్కి లాక్కుంది. "అలా అనొద్దు. నువ్వలా అంటే, నేను కూడా నీ తప్పు కాదని తిరిగి అనాలి. నాకు అనాలని లేదు. నిన్ను తిట్టాలనిపిస్తుంది రోజూ. తిట్టబోతే అది నాకే తగులుతుంది. నువ్వు వెళ్లు పెద్దమ్మా. ఇప్పుడు నిన్ను చూడలేను."

వారిజ లేచింది. గుమ్మం దాటేసరికి వెనక మిషను మళ్లీ మొదలైంది. మలుపు తిరిగాక గుడి అరుగు మీద కూర్చుని, ఆమె మొట్టమొదటిసారి ఏడ్చింది. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. ఎవరు చూస్తున్నారో ఆమెకి పట్టలేదు.

ఆ తర్వాత ఆమె మార్కెట్టుకి వెళ్లడం మానలేదు. తిండి పెట్టేది అదే. కానీ అరవడం మానేసింది. చేపలు చూసి కొనేవాళ్లు కొనేవారు, లేనివాళ్లు పోయేవారు. కుడి మోకాలు కూడా ఇప్పుడు అరిగిపోయింది. నడుస్తుంటే లోహపు కాలు ముందుకు సాగేది, ఎముకల కాలు వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. రెండోది కూడా చేయించుకుంటావా అని డాక్టరు అడిగాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన బలవంతపెట్టలేదు.

కొందరు ఆడవాళ్లు వచ్చి అడిగేవారు, మోకాలి ఆపరేషన్ ఎలా ఉంటుంది, చేయించుకోవచ్చా అని. ఒకసారి బ్రహ్మావరం నుంచి ఒకావిడ పనిగట్టుకుని వచ్చింది.

"నాకు బాగైంది. నా నేస్తం పోయింది" అంది వారిజ. "చేయించుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఇచ్చిన కాగితం ఎవరిచేతైనా చదివించుకో. పిక్క వాస్తే నన్ను అడక్కు, ఎవర్నీ అడక్కు. ఆసుపత్రికి పో."

ఆవిడ తెల్లమొహం వేసి, చేపలు కూడా కొనకుండా వెళ్లిపోయింది. పక్క పిల్ల, "అలా బెదరగొడితే ఎలా అక్కా?" అంది. వారిజ చేపల మీద ఐసు సర్దుకుంది.

జూలై మధ్యలో ఆటి నెల వచ్చింది. ఎడతెగని వాన. పెద్ద బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. ఇళ్లల్లో పోయినవాళ్లకి వడ్డించే నెల అది. ఆరు నెలలుగా మాట్లాడని శశికళ ఆ నెల రెండో మంగళవారం ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, ఎల్లుండి అమ్మకి వడ్డిస్తున్నాం. మొదటి ఏడు కదా. బంగుడ పులుసు పెట్టాలి. ఎక్కడా దొరకడం లేదు."

"నేను తెస్తాను" అంది వారిజ.

రెండు రోజులు ఆమె గొడుగు, కర్ర పట్టుకుని ఒడ్డున నిలబడింది. మొదటిరోజు ఒక్క పడవ కూడా నీటిలోకి దిగలేదు. రెండో రోజు పొద్దున గాలి కాస్త తగ్గితే నాటు పడవలు మూడు వెళ్లాయి. రెండు ఖాళీగా వచ్చాయి. మూడోదాంట్లో తొమ్మిది బంగుడలున్నాయి. వారిజ ఒక్కొక్కటే మొప్పలు ఎత్తి చూసింది. ఎర్రగా ఉన్నాయి. బేరమాడకుండా తొమ్మిదీ కొనేసింది.

శశికళ మసాలా నూరి ఉంచింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే చేపలు శుభ్రం చేశారు, పులుసు కాచారు. లోపలి గదిలో అరటాకు వేసి ఉప్పుడు బియ్యపు అన్నం, పులుసు, పక్కనే నీళ్లు పెట్టి, దీపం ముట్టించి, తలుపు దగ్గరగా వేశారు. పోయినవాళ్లు తినేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. వరండాలో శశికళ నేలమీద కూర్చుంది. వారిజకి కుర్చీ వేసింది. వాన చూరునుంచి ధారలుగా పడుతోంది.

"ఆ కాలెలా ఉంది?" అంది శశికళ కొంతసేపటికి.

"ఉంది."

"నడుస్తుంటే చూశాను. చేయించుకోవా?"

"భయం."

"నాకూ భయమే" అంది శశికళ. ఇంకా ఏదో అంటుందేమోనని వారిజ చూసింది. శశికళ మోకాళ్లు ముడుచుకుని, వాటిమీద గడ్డం ఆనించుకుని వాన చూస్తూ కూర్చుంది. వెనకనుంచి చూస్తే అచ్చం అప్పి కూర్చున్నట్టే ఉంది. వారిజ చూపు తిప్పుకుంది. మళ్లీ చూసింది.

కాసేపయ్యాక శశికళ లేచి చేయి అందించింది. వారిజ ఆ చేయి పట్టుకుని, కర్రమీద బరువు వేసి లేచింది. ఇద్దరూ తలుపు దగ్గరికి వెళ్లారు. తలుపు తీసేముందు పోయినవాళ్లని పెద్దవాళ్లు పిలవాలి, అది రివాజు. వారిజ తలుపు మీద చేయి ఆనించింది గానీ పిలవలేకపోయింది.

"అమ్మా" అంది శశికళ. "తలుపు తీస్తున్నాం."